మాటలన్నీ తెలుసు, ప్యాసేజీ మాత్రం అర్థం కాదు

పాఠకుల ప్రశ్నలకు హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పి రిటైరైన టీచరమ్మ జవాబులు

ప్రశ్న: టీచర్ గారూ, నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి చదువుతున్నాను. గ్రామర్ బాగానే చేస్తాను. లెటర్ రైటింగ్ కూడా వస్తుంది. అన్‌సీన్ ప్యాసేజీ అంటే మాత్రం టెన్షన్. విడివిడిగా మాటలన్నీ తెలిసినట్టే ఉంటాయి. వాక్యం మొత్తం చదివాక ఏం చెప్పాడో తెలియదు. మళ్లీ మళ్లీ చదివేసరికి టైం అయిపోతుంది. మా సార్ రోజూ ఇంగ్లిష్ పేపర్ చదవమంటే నాన్న తెప్పించారు. ఎడిటోరియల్ చదువుతూ తెలియని పదాలన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నోట్‌బుక్ నిండింది గాని మార్కులు పెరగలేదు. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థిని, టెక్కలి

జవాబు: అమ్మాయీ, ముందు ఆ నోట్‌బుక్ మూసెయ్. ఎడిటోరియల్ కూడా మానెయ్. ఆ గొడవేమిటో ముందే తెలిసిన పెద్దవాళ్ల కోసం రాసేది అది. బడ్జెట్ మీదో, కోర్టు తీర్పు మీదో తెలుగులో రాసినా నీకు సగమే అర్థమవుతుంది. అందులో నీ ఇంగ్లిష్ తప్పేమీ లేదు.

అసలు సంగతి నీ ఉత్తరంలో నువ్వే రాశావు. మాటలు తెలుసు, వాక్యం తెలియదు. మరి ఇంకా మాటలు పోగేస్తే ఏం లాభం? ఒక వాక్యం చూద్దాం, నేనే కట్టాను: 'ది ఓల్డ్ మ్యాన్ హూ రిపేర్డ్ అవర్ సైకిల్స్ నియర్ ది రైల్వే గేట్ లెఫ్ట్ ది విలేజ్ ఆఫ్టర్ ది ఫ్లడ్స్.' ఇందులో నీకు తెలియని మాట ఒక్కటీ ఉండదు. అయినా ఇలాంటిది బోర్డు మీద రాస్తే మా క్లాసులో ఎవరో ఒకరు లేచి, 'ముసలాయన రైల్వే గేటుకి ఎడమ పక్కన సైకిళ్లు బాగుచేశాడండీ' అని ధీమాగా చెప్పేవారు. 'లెఫ్ట్' కనబడగానే ఎడమ చెయ్యి గుర్తొస్తుంది, పక్కనే గేటు ఉంది కాబట్టి చక్కగా అతుక్కుంటుంది కూడా. మరి ఊరేమైంది, వరదలేమయ్యాయి అంటే నేల చూపులు.

తెలుగులో మనం 'రైల్వే గేటు దగ్గర మా సైకిళ్లు బాగుచేసే ముసలాయన' అంటాం. ఆయన సంగతులన్నీ ముందు వచ్చేసి, మనిషి తర్వాత వస్తాడు. ఏం చేశాడన్నది అన్నిటికన్నా చివర. ఇంగ్లిష్‌లో మనిషి ముందే వచ్చేస్తాడు, వెనకాల 'హూ' అని అతని సంగతులు మొదలవుతాయి, అవి పూర్తయ్యాక గాని అసలు ఏం చేశాడో చెప్పరు. పొట్టి వాక్యాల్లో ఈ తేడా మనల్ని ఇబ్బంది పెట్టదు. పొడుగు వాక్యంలో నడుమ ఎక్కడో దారి తప్పుతాం. ప్యాసేజీల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. పదాలు రాకపోవడం వల్ల పోయేవి అంతకంటే తక్కువ.

అందుకని పెన్సిల్ పట్టుకో. పొడుగు వాక్యం వస్తే ముందు క్రియలు వెతుకు. పై వాక్యంలో రెండున్నాయి, రిపేర్డ్, లెఫ్ట్. 'హూ' దగ్గర నుంచి 'గేట్' దాకా బ్రాకెట్లో పెట్టు. బయట ఏం మిగిలింది? ముసలాయన వరదల తర్వాత ఊరు వదిలి వెళ్లిపోయాడు. బ్రాకెట్లో ఉన్నది తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. హూ, విచ్, దట్, వేర్ కనబడితే అక్కడ బ్రాకెట్ తెరుచుకుంటుందేమోనని అనుమానపడు. కొన్నిసార్లు ఆ మాట కూడా పెట్టరు, 'ది లెటర్ షీ రోట్' అని ఊరుకుంటారు. అది కొన్నాళ్లు పోతే నీకే పట్టుబడుతుంది.

హీ, దే, ఇట్, దిస్ లాంటివి వచ్చినప్పుడు అది ఎవరో, ఏమిటో వెనక్కి ఒక బాణం గియ్యి. ఇద్దరు అన్నదమ్ముల కథ అయితే మరీ ముఖ్యం. ఏ 'హీ' ఎవరిదో తేలకపోతే తమ్ముడు చేసిన పని అన్న ఖాతాలో పడుతుంది.

నోట్‌బుక్ తప్పనిసరిగా కావాలంటే చిన్న మాటలకి పెట్టుకో. హార్డ్లీ, అన్‌లెస్, అన్‌టిల్, దో, యూజ్డ్ టు. రెండు పేజీలు చాలు. 'హీ హార్డ్లీ స్పోక్' అంటే 'కష్టపడి మాట్లాడాడు' అనుకుని రాసిన జవాబులు స్పాట్ వాల్యుయేషన్‌లో దిద్దాను నేను. అతను దాదాపు నోరే విప్పలేదని దాని భావం. పెద్ద పదం తెలియకపోతే ఒక వివరం పోతుంది. ఇలాంటి బుల్లి మాట తెలియకపోతే కథే తిరగబడుతుంది.

ఇక ఏం చదవాలంటావా? బయట కొనక్కర్లేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడి పుస్తకాలు 2020-21 నుంచి ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగుగా రావడం మొదలైంది కదా. మీ వీధిలో ఏడో, ఎనిమిదో చదివే పిల్లల దగ్గర సైన్సు పుస్తకమో సోషల్ పుస్తకమో అడిగి తీసుకో. పదో తరగతిది వద్దు, అందులో విషయమే బరువు. తెలుగు పేజీని అట్టతో మూసి, ఇంగ్లిష్‌లో ఒక్క పేరా చదువు. అర్థమైనది తెలుగులో రెండు మూడు ముక్కల్లో రాయి. అప్పుడు అట్ట తీసి చూడు. ఎక్కడ తేడా వచ్చిందో ఆ వాక్యం దగ్గర పెన్సిల్ పని మొదలుపెట్టు. జవాబు చెప్పే మాస్టారు ఎదురు పేజీలోనే కూర్చున్న పుస్తకం అది. దాన్ని పిల్లలు ఎలా వాడతారో కూడా చూశాను, తెలుగు పేజీ చదివేసి పక్క పేజీని ముట్టుకోరు!

రోజుకి ఒక పేరా చాలు. కొత్తది ఎత్తుకునే ముందు నిన్నటిది మళ్లీ ఒకసారి చదువు. గైడు తెచ్చి ఒక్క సాయంత్రంలో పది ప్యాసేజీలు లాగించెయ్యడం నాకు నచ్చదు. అది వేగం పెంచుతుంది, అదే తప్పుని ఇంకా వేగంగా చెయ్యడానికి.

నాన్న పేపర్ తెప్పిస్తున్నారు కాబట్టి అదీ వృథా కానివ్వకు. తెలుగు పేపర్లో మ్యాచ్ సంగతి చదివాక అదే వార్త ఇంగ్లిష్‌లో చదువు. ఎవరు గెలిచారో ముందే తెలుసు కాబట్టి వాక్యాలు తమంతట తాము విడివడతాయి. క్రికెట్ గిట్టకపోతే తుఫాను వార్తలున్నాయి, మీ శ్రీకాకుళం వైపు వాటికి కొదవలేదు.

తెలియని మాట ఎదురైతే ఆగిపోవద్దని ఎందుకంటానో చెబుతాను. 2024-25 నుంచి మీకు పెట్టిన ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లిష్ పుస్తకంలో, చిన్నపిల్ల ఒంటరిగా బస్సెక్కి టౌనుకి వెళ్లొచ్చే కథ ఉంది. వెళ్లేటప్పుడు బస్సు ముందు పరుగెత్తే ఆవుని చూసి ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వుతుంది. వచ్చేటప్పుడు అదే ఆవు రోడ్డు మీద చచ్చి పడి ఉంటుంది. ఆ తర్వాత కిటికీలోంచి చూడాలన్న సరదా పోతుంది. ఆ చోట బరువైన మాటలు ఒకటి రెండు వస్తాయి. డిక్షనరీ తియ్యకముందే పిల్లకి మనసు పాడైందని నీకు తెలిసిపోతుంది. పరీక్షలో అడిగేదీ దాదాపు అదే. కాబట్టి మొదటిసారి చదివేటప్పుడు పెన్సిల్ కింద పెట్టు, మాటల నెత్తిన తెలుగు రాయకు. రెండోసారి కూడా ఏ మాట దారికి అడ్డం పడిందో దాన్నే చూడు.

జవాబు రాసే ముందు, ఏ లైన్లో దొరికిందో అక్కడ ప్రశ్న నంబరు వేసుకో. లైను చూపించలేని జవాబు ఊహ. 'వై' ప్రశ్నలకు ఒక్కోసారి రెండు లైన్లు కావాలి, ఆవుది ముందు పేజీలో ఉండి కిటికీది తర్వాత వచ్చినట్టు. ఆప్షన్లు ఇచ్చిన చోట, ప్యాసేజీలోని మాటలే అచ్చంగా ఉన్న ఆప్షన్‌ని చూసి మోసపోకు. పేపర్ ఇచ్చేవాళ్లు దాన్ని ఎర వేస్తారు. ఇక టైం సంగతి. ప్రశ్నపత్రం చదువుకోవడానికి మీకు ఇచ్చే 15 నిమిషాల్లో ఎక్కువ భాగం అన్‌సీన్ ప్యాసేజీకే వాడుకో. పాఠంలోంచి ఇచ్చేది ఎలాగూ తెలిసినదే.

ప్రశ్న: మా పిలగాడు ప్రైవేట్ స్కూల్లో ఎనిమిది చదువుతున్నాడు. ఇంగ్లిష్ గడగడా చదువుతాడు. చుట్టాలు వస్తే చదివించి మురిసిపోతాం. ప్రోగ్రెస్ కార్డులో మాత్రం కాంప్రహెన్షన్ దగ్గర ఎర్ర ఇంకు. నేను తెలుగు మీడియంలో చదివిన, పెట్రోల్ బంకులో పని. నాకు ఇంగ్లిష్ రాదు. ట్యూషన్ పెట్టించాల్నా?
– ఒక తండ్రి, జగిత్యాల

జవాబు: ఇప్పుడే వద్దు బాబూ. గడగడా చదవడానికి నోరు చాలు, అర్థం చేసుకోవడం వేరే పని. మీవాడు మొదటిది బాగా నేర్చుకున్నాడు, రెండోది ఎవరూ అడగలేదు. బడిలో పైకి చదివిస్తే క్లాసు నడుస్తున్నట్టు కనబడుతుంది కదా.

అడిగే పని మీరు చెయ్యొచ్చు. మీకు ఇంగ్లిష్ రాకపోవడం ఇక్కడ కలిసొస్తుంది. టీచరు అడిగితే పరీక్ష పెడుతున్నారని పిల్లలు బిగుసుకుపోతారు. నాన్న అడిగితే నిజంగానే తెలియక అడుగుతున్నాడని వాడికి తెలుసు. డ్యూటీ నుంచి వచ్చాక ఒక పేరా మనసులో చదువుకోమనండి, పైకి వద్దు. పుస్తకం మూసి తెలుగులో చెప్పమనండి. మధ్యలో అడ్డం పడి 'ఆడెవడు? ముందు ఏమైంది? మరి ఎందుకట్ల చేసిండు?' అనండి, కథ వింటే ఎవరైనా అడిగేవే. చివర్లో 'అది ఎక్కడుంది, వేలు పెట్టి చూపించు' అనండి. లైను దొరక్క వాడు తడుముకుంటే ఊరుకోండి, మళ్లీ చదువుతాడు. చెప్పింది తప్పో ఒప్పో మీరు తేల్చక్కర్లేదు. పొంతన లేని కథ ఏ భాషలోదైనా చెవికి తెలిసిపోతుంది.

ఇంకోటి. మీకు నిజం తెలిసిన కాగితాలు వాడికి ఇవ్వండి. బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్, కుక్కర్‌తో వచ్చిన పుస్తకం, బంకులో గోడ మీద రాసిన హెచ్చరికలు. డబ్బు పడిందో పోయిందో మీకు ముందే తెలుసు, వాడు మెసేజ్ చదివి చెబితే సరిచూడొచ్చు. మూడు నాలుగు నెలలు ఇలా చేసినా ఎర్ర ఇంకు పోకపోతే అప్పుడు ట్యూషన్ సంగతి ఆలోచిద్దాం. అప్పుడు కూడా, గడగడా చదివించే ట్యూషన్ అయితే ఆ డబ్బు దాచుకోండి.

ప్రశ్న: ముందు ప్రశ్నలు చదవాలా, ప్యాసేజీ చదవాలా? ఈ విషయంలో మా అక్కకీ నాకూ ఇంట్లో రోజూ గొడవ.
– తొమ్మిదో తరగతి, ఏలూరు

జవాబు: ప్రశ్నలు ఒకసారి. ఆప్షన్లు మాత్రం చదవకు, అందులో ఎక్కువభాగం తప్పులే కదా, అవి తలలో పెట్టుకుని ప్యాసేజీలోకి దిగడం ఎందుకు? తర్వాత ప్యాసేజీ మొదటి నుంచి చివరిదాకా, ప్రశ్నలోని మాటలు వెతుక్కుంటూ మధ్యలోకి దూకకుండా. పద్యం ఇస్తే వరస మార్చు, ముందు పద్యమే చదువు. పట్టికో, బార్ గ్రాఫో ఇస్తే ముందు పైన ఉన్న హెడ్డింగు, పక్కన ఉన్న అంకెలు వేలా, శాతాలా అన్నది చూడు. అది చూడకుండా రాసి, బడిలో 60 శాతం మంది నడిచి వస్తారన్నదాన్ని 60 మంది అని రాసినవాళ్లు బోలెడుమంది.

మీ ఇద్దరిలో ఎవరు ఏది ముందన్నారో ఉత్తరంలో రాయలేదు. రాసి ఉంటే ఎవరు గెలిచారో కూడా ఇక్కడే చెప్పేదాన్ని.