వెబ్‌సైట్ లేకపోయినా మీ రీల్ ప్రకటనే

ప్రశ్న: మాది కడప జిల్లా. ఆరేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా వారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నేను వంటింటి సామాన్ల మీద ఇన్‌స్టాగ్రామ్‌లో తెలుగు రీల్స్ చేసి అఫిలియేట్ లింకులు, అంటే వాటి మీద ఎవరైనా కొంటే నాకు కమీషన్ వచ్చే లింకులు, పెడుతుంటాను. అవే లింకులు మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో కూడా వేస్తాను. వెబ్‌సైట్ గానీ, కంపెనీ గానీ నాకు లేవు. నా లింకు మీద పై ఫ్లోర్ ఆవిడ కొన్న మిక్సీ మోటారు ఇరవై రోజులకే కాలిపోయింది. "కమీషన్ కోసం మాకు అంటగట్టావు, కన్స్యూమర్ కోర్టుకు వెళ్తా" అంటున్నారు. రీల్‌లో "మేం ఏడాదిగా వాడుతున్నాం" అన్నాను. మాది అదే కంపెనీ మిక్సీయే గానీ పాత మోడల్. కమీషన్ వస్తుందని ఎక్కడా చెప్పలేదు. ఈ మధ్య షుగర్ తగ్గించే పొడి అమ్మేవాళ్లు 30 శాతం ఇస్తామని మెసేజ్ పెట్టారు. కమీషన్ వచ్చే అఫిలియేట్ అకౌంట్‌కు ఇచ్చిన పాన్ నంబరు మా వారిది. నా మీద కేసు అవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మిక్సీ సంగతి. వస్తువులో లోపం ఉంటే జవాబు చెప్పాల్సింది తయారుచేసినవాళ్లు, అమ్మినవాళ్లు. లింకు ఇచ్చినంత మాత్రాన మీరు అమ్మినవారు కారు. బిల్లు మీ పేరున లేదు, మిక్సీ ధర మీ చేతికి రాలేదు. ఇరవై రోజుల్లో మోటారు పోయిందంటే వారంటీ ఉండే ఉంటుంది. ఆవిడ బిల్లుతో కంపెనీ సర్వీసుకు ఫిర్యాదు చేయాలి. వాళ్లు పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక ఆవిడ తానుండే బెంగళూరులోనే కేసు వేయవచ్చు, అమ్మినవాళ్ల ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే. ఈ దారి మీరే ఆవిడకు చెప్పండి. ఫిర్యాదు రాయడానికి దగ్గర కూర్చుని సాయం చేయండి. సగం కోపం అక్కడే చల్లారుతుంది.

నన్ను ఆలోచింపజేసింది మిక్సీ కాదు, "ఏడాదిగా వాడుతున్నాం" అన్న మీ మాట. వాడని మోడల్‌ను వాడినట్టు చెప్పారు. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. ఒక వస్తువు బాగుందని చెప్పేవారి అభిప్రాయం నిజమైనదై ఉండాలని, దాని గురించి తగిన సమాచారమో అనుభవమో ఉండాలని అందులో ఉంది. ఈ మాట సినిమా తారలకు ఎంత వర్తిస్తుందో, మారతహళ్లిలో రెండో అంతస్తు వంటింట్లోంచి రీల్ చేసే మీకూ అంతే వర్తిస్తుంది.

వెబ్‌సైట్ లేదు కదా అంటారేమో. 2019 చట్టంలో ప్రకటన అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం ఒకసారి చదివితే ఆ ధైర్యం పోతుంది. వెలుగు, శబ్దం, పొగ, గ్యాస్, అచ్చు, ఎలక్ట్రానిక్ మీడియా, ఇంటర్నెట్, వెబ్‌సైట్ — వీటిలో దేని ద్వారా చేసినా ప్రకటనే. పొగను కూడా వదలని చట్టం రీల్‌ను వదులుతుందా? అపార్ట్‌మెంట్ గ్రూపులో వేసే లింకుకూ ఇదే అనుకుని నడుచుకోండి. అక్కడ ఇంకో చిక్కు ఉంది. లింకులు ఎక్కడెక్కడ పెడతారో ముందే చెప్పమని చాలా అఫిలియేట్ ప్రోగ్రాములు అడుగుతాయి. చెప్పని చోట పెడితే అకౌంట్ మూసేసి, రావలసిన కమీషన్ ఆపేయవచ్చు. సొంత లింకు మీద సొంతానికి కొనుక్కోవడం కూడా సాధారణంగా ఒప్పుకోరు. ఆ నిబంధనల పేజీ విసుగు అనుకోకుండా ఒక్కసారి పూర్తిగా చదవండి.

ఇక కమీషన్ దాచడం. మీకూ అమ్మేవాళ్లకూ డబ్బు సంబంధం ఉంటే ఆ సంగతి చూసేవాళ్లకు తెలియాలి. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ దీని మీద విడిగా సూచనలు ఇచ్చింది. వీడియో అయితే తెర మీద కనిపించాలి, నోటితో కూడా చెప్పాలి. లైవ్ అయితే ఆసాంతం తెర మీద ఉండాలి. హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిపేస్తే కుదరదు. అన్నిటికంటే మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఒకటుంది: ప్రకటన ఏ భాషలో ఉంటే ఈ వెల్లడి కూడా ఆ భాషలోనే ఉండాలి. పది మాటలూ తెలుగులో చెప్పి, చివర మూలన ఇంగ్లిషులో రెండక్షరాలు చిన్నగా వేస్తే, అది చూసే ఊళ్లోని అత్తయ్యకు ఏం అర్థమవుతుంది? రీల్ మొదట్లోనే "ఈ లింకు మీద కొంటే నాకు కమీషన్ వస్తుంది" అని తెలుగులో అనేయండి, అదే తెర మీద రాయండి. గ్రూపులో వేసే ప్రతి లింకు పైనా ఆ ఒక్క వాక్యం పెట్టండి. ఇలా చెప్తే ఎవరూ కొనరని భయపడకండి. పై ఫ్లోర్ ఆవిడ మాటల్లో బాధంతా మోటారు గురించి కాదు, మీరు ఆ సంగతి దాచారని.

తప్పుదోవ పట్టించే ప్రకటనలో మాట కలిపినవారికి ప్రాధికార సంస్థ 10 లక్షల వరకు జరిమానా వేయవచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు. ఏడాది పాటు ఏ ప్రకటనా చేయకుండా ఆపవచ్చు కూడా. మీ ఒక్క రీల్‌కు ఇంత పడుతుందని చెప్పడం లేదు. చెప్పేముందు నిజానిజాలు తగినంతగా విచారించినవారికి జరిమానా, నిషేధం వేయకూడదని అదే 2019 చట్టం రక్షణ కూడా ఇచ్చింది. అందుకే ఆ రీల్ కాపీ ఒకటి దాచుకుని, పేజీలోంచి తీసేయండి. వాడింది పాత మోడలని ఒప్పుకుంటూ ఒక సవరణ పెట్టండి. కంగారులో చాట్‌లు, మెసేజ్‌లు చెరిపేయవద్దు. రేపు మీ తరఫున మాట్లాడేవి అవే కావచ్చు.

షుగర్ పొడి జోలికి వెళ్లకండి. 30 కాదు, 60 శాతం ఇచ్చినా వద్దు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మధుమేహం, క్యాన్సర్, ఊబకాయం లాంటి జబ్బులకు మందుందని ప్రకటించడాన్ని నేరం చేసింది. ఆ ప్రకటన ప్రచురణలో ఏ రకంగా పాలుపంచుకున్నా నేరమే, కాబట్టి "నేను అమ్మలేదు, లింకే ఇచ్చాను" అన్న మాట ఇక్కడ పనికిరాదు. పైగా మీ మాట నమ్మి ఎవరో పెద్దాయన ఇన్సులిన్ మానేస్తే ఆ నష్టం తీర్చలేం. బెట్టింగ్ యాప్‌ల లింకులదీ ఇదే దారి. 2025 మార్చిలో హైదరాబాద్‌లో వాటిని ప్రమోట్ చేసిన ఇన్‌ఫ్లూయెన్సర్ల మీద కేసులు పెట్టారు. అదే ఏడాది పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల ప్రకటనకు రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పెట్టింది.

పాన్ విషయం వెంటనే సరిచేయండి. ఏడాదిలో కమీషన్ 20 వేలు దాటితే ఇచ్చేవాళ్లు 2 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తారు, అది మీ వారి పాన్ మీద పడుతుంది. కష్టం మీది, ఆదాయం ఆయన పేరున. ఆయన అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసి, వేరే పని చేయరాదన్న షరతు ఉందేమో చూడండి. బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల ఆర్డర్లలో అది సాధారణం. ఆ ఆదాయం మీదని ఆయన ఆఫీసులో నిరూపించాల్సిన అవసరం ఎందుకు తెచ్చుకోవాలి? మీ పేరున, మీ పాన్‌తో, మీ బ్యాంకు అకౌంట్‌తో కొత్తగా నమోదు కండి. ఇప్పటికే వచ్చిన డబ్బును రిటర్నులో ఎవరి పేరున ఎలా చూపాలో ఆడిటర్‌ను అడిగి చూపండి, వదిలేయకండి. ఇకపై మీ రిటర్నులో ఇది వ్యాపార ఆదాయం, కాబట్టి జీతగాళ్లు వేసే సాదా రిటర్ను ఫారం ఐటీఆర్-1 సరిపోదు. చిన్న వ్యాపారులు లెక్కలు లేకుండా టర్నోవర్‌లో ఇంత శాతం లాభమని చూపే వెసులుబాటు కమీషన్ ఆదాయానికి లేదు. ఫోన్, ఇంటర్నెట్, రీల్ కోసం కొన్న సామాన్ల బిల్లులు దాచుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాదికి మొత్తం 20 లక్షలు దాటినప్పుడే, ఇప్పుడు దాని గురించి బెంగ వద్దు.

పై ఫ్లోర్ ఆవిడ నోటీసు పంపితే మాత్రం జవాబు సొంతంగా రాయకండి. బిల్లు, రీల్ కాపీ, మీ ఇద్దరి మెసేజ్‌లు పట్టుకుని వకీలును కలవండి. అది రాకముందే ఈ సాయంత్రం ఒకసారి పైకి వెళ్లి, కమీషన్ సంగతి చెప్పకపోవడం తప్పేనని ఆవిడతో అనండి.