ఎక్స్‌రేలో మడమ ఎముక పెరిగిందన్నారు, మళ్లీ అల్ట్రాసౌండ్ ఎందుకు?

పొద్దున మంచం దిగగానే మొదటి నాలుగడుగులూ మీ అమ్మగారికి నరకంగా ఉంటున్నాయి, కాస్త తిరిగాక సర్దుకుంటోంది, ఎక్స్‌రేలో ఎముక పెరిగిందన్నారు, ఇప్పుడేమో అల్ట్రాసౌండ్ రాశారు అన్నారు కదా. దాదాపు ఇదే వరసలో నేనూ పడ్డానండీ. హైస్కూల్ టీచర్ని, రోజంతా గచ్చు మీద నిలబడే ఉద్యోగం.

ఆ పెరిగిన ఎముక గురించి ముందు బెంగ పెట్టుకోకండి. మడమ నొప్పి అంటే ఏంటో తెలియనివాళ్లలో కూడా చాలామందికి అది ఉంటుంది. నొప్పి పూర్తిగా పోయాక కూడా అలాగే ఉండిపోతుంది. మీరు చెప్పిన లక్షణాలకు ఎక్కువగా కారణం ప్లాంటార్ ఫేషియా, అంటే మడమ ఎముక దగ్గర మొదలై వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద సాగే గట్టి పట్టీ. ఎక్స్‌రే దాన్ని సరిగా చూపించలేదు, అల్ట్రాసౌండ్ చూపిస్తుంది.

అలాగని అందరికీ మొదటి రోజే స్కాన్ అక్కర్లేదు. డాక్టరు మడమ కింద లోపలివైపు బొటనవేలితో నొక్కి చూసి, నాలుగు ప్రశ్నలడిగితే చాలావరకు తేలిపోతుంది. నాకు కూడా చెప్పులు మార్చి, వ్యాయామాలు చేసినా నెలల తరబడి తగ్గకపోతే, ఇంజెక్షన్ మాట వచ్చినప్పుడే రాశారు.

స్కాన్‌లో బాధేమీ ఉండదు. బోర్లా పడుకోబెట్టి, పాదాలు బల్ల అంచు దాటి ఉంచి, వేళ్లను వెనక్కి వంచి పట్టుకున్నారు. జెల్ రాసి ప్రోబ్ (చర్మం మీద ఆనించి చూసే చేతి పరికరం) పెట్టి, సరిగ్గా నొప్పి ఉన్నచోట నొక్కి "ఇక్కడేనా అమ్మా?" అని అడిగారు. స్క్రీన్ నా వైపు తిప్పి చూపించారు కూడా. ఎడమకాలి పట్టీ దువ్విన జుట్టులా సన్నటి గీతలు గీతలుగా ఉంది. కుడికాలిలో ఎముకకు అతుక్కునే దగ్గర ఉబ్బి, ఆ గీతలు చెదిరిపోయి నల్లగా కనిపించింది. ఎడమ 3.2 మిల్లీమీటర్లు, కుడి 5.6. మామూలుగా 4 దాటితే మందమెక్కినట్టు లెక్క.

అసలు జాగ్రత్త పడాల్సింది సెంటర్ విషయంలో. వీధికొక స్కానింగ్ సెంటర్ ఉంటుంది కానీ చాలాచోట్ల రోజంతా చేసేది కడుపు స్కాన్లు, గర్భిణీల స్కాన్లు. వాటికి వాడే వంపు ప్రోబ్ మడమకు పనికిరాదు. 10 మెగాహెర్ట్జ్ పైనుండే లీనియర్ ప్రోబ్, అంటే ముందుభాగం తిన్నగా ఉండేది కావాలి, పాదాలు చూసే అలవాటున్న రేడియాలజిస్టు కావాలి. వెళ్లేముందు ఫోన్ చేసి "మస్క్యులోస్కెలెటల్ స్కాన్ (కండరాలు, ఎముకలు, కీళ్ల స్కాన్) చేస్తారా, డాక్టరుగారే చేస్తారా" అని అడగండి. మా స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడకి కొలత లేకుండా ఉత్త "నార్మల్" అని రాసిచ్చారు. ఆ కాగితాన్ని డాక్టరు పక్కన పెట్టేశారు, డబ్బులు దండగ. రెండు కాళ్లూ కొలవమనండి. బరువు ఎక్కువున్నవాళ్లకీ, షుగరున్నవాళ్లకీ నొప్పి లేకుండానే పట్టీ కాస్త మందంగా ఉండొచ్చు కాబట్టి ఒక్క కాలి అంకె సగం సంగతే చెబుతుంది. పట్టీ ఎక్కడైనా చిరిగిందా, డాప్లర్‌లో (రక్తం పారడాన్ని చూపించే స్కాన్ పద్ధతి) రక్తప్రసరణ పెరిగిందా, మడమ కింద కొవ్వు మెత్త పలచబడిందా అన్నవి కూడా రిపోర్టులో ఉండాలి.

నా రిపోర్టులో చిరుగు లేదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పట్టీ తెగే ప్రమాదం కొంత ఉంటుందని, ఇంకొన్నాళ్లు ఆగుదామన్నారు డాక్టరు. మంచం దిగకముందే కాలు తొడ మీద వేసుకుని, వేళ్లను వెనక్కి లాగి పట్టుకునే వ్యాయామం, ఇంట్లో కూడా ఎమ్‌సీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు, ఇవే కొనసాగించాను. నెమ్మదిగా తగ్గింది. తర్వాత మళ్లీ స్కాన్ చేస్తే పట్టీ ఇంకా 4 పైనే ఉంది, నొప్పి మాత్రం లేదు! అందుకే అంకె దిగిందా లేదా అని పదేపదే స్కాన్లకు తిరగకండి.

మడమ ఎముకలో సన్నటి పగులున్నా, నరం నొక్కుకున్నా అల్ట్రాసౌండ్‌లో పట్టుబడకపోవచ్చు, ఎమ్మారై అవసరం పడొచ్చు. రాత్రి పడుకున్నా నొప్పి ఉంటే, అరికాలు తిమ్మిరెక్కుతుంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి. అమ్మగారికి షుగరుంటే ఇంజెక్షన్‌కి ఒప్పుకునేముందే ఆ మాట చెప్పాలి, స్టెరాయిడ్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది.