సరిహద్దు కణితా, పొలిమేర కణితా?

సందేహం: మా పిన్నికి బరంపురంలో అండాశయంలోని గడ్డ తీశారు. రిపోర్టులో ‘సీరస్ బోర్డర్‌లైన్ ట్యూమర్’ అని ఉంది. మా తమ్ముడు దాన్ని ‘సరిహద్దు కణితి’ అన్నాడు. ‘ఏ సరిహద్దురా, కడుపుకీ నడుముకీ మధ్యనా?’ అని పిన్ని అడిగింది. సరైన తెలుగు మాట ఏది?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

సమాధానం: గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి ఈ ప్రశ్న రావడం సంతోషం తల్లీ. సగం జవాబు మీ పిన్నిగారే చెప్పారు. సరిహద్దు అనగానే మన చెవికి చోటు వినిపిస్తుంది. రిపోర్టు చెప్పేది చోటు కాదు, కణితి గుణం.

సరిహద్దులోని ‘సరి’ మన సరి కాదు. పారసీలో ‘సర్’ అంటే తల, అరబ్బీ ‘హద్ద్’ అంటే ఎల్ల. ఆ సర్‌హద్దే మన నోట సరిహద్దయింది. ‘ఇద్దరికీ సరిసమానమైన హద్దు’ అని పిల్లలకు చెప్పడం మానాలి. సీమ సంస్కృతం, మీ పక్కింటి ఒడియావారికి అది ఇప్పటికీ ఎల్లే, మనం ఎల్ల లోపలి నేలకు కూడా ఆ పేరే పెట్టి రాయలసీమ అన్నాం.

ఇక పొలిమేర. పొలము, మేర కలిసిన మాట. మేర అంటే గీత ఒక్కటే కాదు. కళ్లంలో పంట కొలిచాక కుమ్మరికి, చాకలికి, మంగలికి తీసిపెట్టే గింజలూ మేరే. ‘ఆ మేరకు’ అన్నప్పుడు ఆ కొలత ఇంకా వినిపిస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడిని అటు, పాతపట్నాన్ని ఇటు పెట్టినది సరిహద్దు; రైతు కాలికి తగిలేది పొలిమేర.

మీ పిన్నిగారి కణితిలోనూ తేల్చేది ఏ మేరకన్నదే. తిత్తి లోపలి పొర కణాలు ఒకదానిమీద ఒకటి పేరుకుని కుచ్చులుగా లేస్తాయి, కేంద్రకాల రూపు కొంత మారుతుంది. అయినా అడుగు కణజాలాన్ని చీల్చుకుని లోపలికి చొరబడవు. పైరు గుబురుగా పెరిగింది, గట్టు తెగలేదు. తెగితే అది క్యాన్సర్. 1973 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలోనే ఈ నడిమి రకానికి వేరే చోటు ఇచ్చారు.

మాలిగ్నెంట్, అంటే క్యాన్సర్ గుణమున్నది, అన్న ప్రతిదాన్నీ ‘ప్రాణాంతకం’ అని రాసే పత్రికల అలవాటు నాకు బొత్తిగా నచ్చదు. ప్రాణాంతకం అంటే ప్రాణం తీసేది. ఈ బోర్డర్‌లైన్ రకాన్ని ‘స్వల్ప ప్రాణాంతకం’ అనేవాళ్లూ ఉన్నారు. అండాశయం దాటకముందే తీసేస్తే ఐదేళ్ల తర్వాత నూటికి 95 మందికి పైగా బతికుండే జబ్బుకా ఆ మాట? మంచం మీదున్న మనిషి అది చదివి ఏమైపోవాలి?

నా మొగ్గు ‘పొలిమేర కణితి’ వైపే. కాకపోతే పొలిమేర కూడా చోటే కదా, పిన్నిగారు మళ్లీ అదే ప్రశ్న వేయవచ్చు. అందుకని కాగితం మీద బోర్డర్‌లైన్ అనే ఉంచండి; ఆమెతో మాత్రం ‘గట్టు తెంచని గడ్డ’ అనండి. మళ్లీ పరీక్షలకు ఎప్పుడు రమ్మన్నారో డాక్టరుగారిని అడిగి, అది కూడా ఆమెకు తెలుగులోనే చెప్పండి.