ఆర్‌పీఎం ఎక్కువ, లాగుడు తక్కువ

ప్రశ్న: నా ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) రేసింగ్ కారుకి 17.5 టర్న్స్ (లోపలి తీగ చుట్ల లెక్క) బ్రష్‌లెస్ మోటార్లు రెండున్నాయి. టెస్టర్‌కి తగిలిస్తే కొత్తదానికంటే పాతదే ఎక్కువ ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) చూపిస్తోంది. సరే కదా అని పాతదాన్నే బిగిస్తే మలుపు దాటాక అసలు లాగట్లేదు, పైగా చెయ్యి పెట్టలేనంత వేడి. టెస్టర్ తప్పు చెబుతోందా?

జవాబు: టెస్టర్ తప్పేం లేదండీ. షాఫ్ట్ మీద ఏ లోడూ లేకుండా మోటార్ ఎంత వేగంగా తిరుగుతుందో అది చెబుతుంది, అంతవరకే. ఎంత లాగుతుందో అందులో తెలియదు.

నన్నడిగితే పాత మోటార్ రోటార్‌ని, అంటే లోపల తిరిగే అయస్కాంతపు భాగాన్ని, అనుమానించాలి. అందులో అయస్కాంతం బలం తగ్గితే ఖాళీగా తిరిగే వేగం పెరుగుతుంది! తిరిగే రోటార్ వైండింగ్‌లో (చుట్టూ ఉన్న తీగ చుట్టలో) ఎదురు వోల్టేజ్ పుట్టిస్తుంది, అది బ్యాటరీ వోల్టేజ్‌కి దగ్గరయ్యేదాకా వేగం పెరుగుతూనే ఉంటుంది, అయస్కాంతం నీరసపడితే అంత వోల్టేజ్ పుట్టడానికి ఇంకా జోరుగా తిరగాల్సి వస్తుంది. కానీ ఒక్కో ఆంపియర్‌కి వచ్చే టార్క్ (తిప్పే బలం) పడిపోతుంది కాబట్టి మలుపులోంచి బయటపడేటప్పుడు ఎక్కువ కరెంట్ లాగేస్తుంది, వేడెక్కుతుంది, వేడి శ్రుతి మించితే అయస్కాంతం ఇంకాస్త చచ్చుబడుతుంది.

అయితే అప్పుడే రోటార్ కొనెయ్యకండి. రెండింటి టైమింగ్ (తీగ చుట్టలకి కరెంట్ ఎంత ముందుగా అందాలో చెప్పే కోణం) ఒకటేనా? టైమింగ్ పెంచినా ఆర్‌పీఎం పెరుగుతుంది, దాంతోపాటు ఖాళీగా తిరిగేటప్పటి కరెంట్ కూడా. మోటార్ మీద గీసిన డిగ్రీల గీతల్ని నేనైతే పెద్దగా నమ్మను, టెస్టర్ చూపించే టైమింగ్ చూసి రెండూ సమానం చేయండి. వోల్టేజ్ కూడా ఒకటే ఉండాలి: టూ-ఎస్ లిపో (రెండు సెల్స్ ఉన్న లిథియం పాలిమర్ బ్యాటరీ) నిండుగా ఉంటే 8.4 వోల్టులు, వాడేకొద్దీ 7.4కి దిగుతుంది, కాబట్టి ఒకదాన్ని నిండు బ్యాటరీతో, ఇంకోదాన్ని సగం వాడిన బ్యాటరీతో చూస్తే ఆ పోలిక దండగ. పవర్ సప్లై ఉంటే హాయి. మోటార్లు రెండూ చల్లగా ఉన్నప్పుడే చూడండి. కారులో వేసినప్పుడు పినియన్ (మోటార్ షాఫ్ట్‌కి బిగించే చిన్న పళ్ల చక్రం) కూడా ఒకటే ఉండాలి, ఎందుకంటే పళ్లు ఎక్కువైన పినియన్ పెడితే మంచి మోటార్ కూడా కాలిపోతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా తేడా అలాగే ఉంటే, కొత్తదాని రోటార్ తీసి పాతదాంట్లో పెట్టి చూడండి (వ్యాసం ఒకటే అయితేనే). షాఫ్ట్ మీదున్న సన్నటి షిమ్‌లు (పల్చటి వాషర్లు) ఏ వైపువి ఆ వైపే వేయాలి, రోటార్‌ని ఇనప రజను ఉన్న బల్ల మీద పెట్టొద్దు, మొత్తం అంటుకుని తుడిచినా ఓ పట్టాన వదలదు. రోటార్ మార్చాక టైమింగ్ మళ్లీ చూసుకోండి. ఆర్‌పీఎం తగ్గి, ట్రాక్ మీద లాగుడు తిరిగొస్తే దొంగ దొరికినట్టే. లేదంటే బేరింగులు, సెన్సర్ వైరు చూడాలి.

ఫ్లైవీల్ డైనో (మోటార్‌తో బరువైన చక్రాన్ని తిప్పించి బలం కొలిచే యంత్రం) ఎవరి దగ్గరైనా ఉంటే ఈ తంటా అక్కర్లేదు, టార్క్ నేరుగా చూపిస్తుంది. కొత్త రోటార్ వేశాక మాత్రం కారు ఆగగానే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూసుకుంటూ ఉండండి, 80 డిగ్రీల సెల్సియస్ దాటుతుంటే పినియన్ ఓ పన్ను తగ్గించండి.