సమాధానం: స్ట్రాటోకాస్టర్‌లో స్లాష్ సౌండ్ ఎందుకు రావడం లేదు?

తమ్ముడూ, గుంటూరులో ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్ కొన్నానని, గన్స్ ఎన్ రోజెస్ గిటారిస్ట్ స్లాష్‌లా బరువైన సౌండ్ రాకుండా పలచగా వస్తోందని, పైగా ఒకటే హమ్ (గుయ్యిమనే గోల) అని రాశావు. టెన్షన్ పడకు, గిటార్ బాగానే ఉంది.

స్లాష్, లెడ్ జెప్లిన్ గిటారిస్ట్ జిమ్మీ పేజ్ చేతుల్లో పేరు మోగింది గిబ్సన్ లెస్ పాల్ గిటార్. 1957 నుంచి దానికి రెండు కాయిళ్ల హంబకర్ పికప్‌లు (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేవి) వచ్చాయి. రెండో కాయిల్ కరెంటు హమ్‌ని కొట్టేస్తుంది, సౌండూ చిక్కబడుతుంది. నీ గిటార్‌లోవి సింగిల్ కాయిళ్లు. 1954లో వచ్చిన ఈ స్ట్రాటోకాస్టర్ మోడల్‌ని రాక్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ తిరగేసి, ఎడమచేత్తో వాయించి ఇంటింటికీ చేర్చాడు. నాకైతే ఆ గలగలే ప్రాణం.

ముందు ఇంట్లో ఎర్తింగ్ చూపించు. విజయవాడలో మా గదిలో ఎర్త్ వైరు ఊడి ఉండేది, ఎలక్ట్రీషియన్ బిగించాక సగం గోల పోయింది. ఆంప్ (ఆంప్లిఫయర్) ప్లగ్‌కి మూడో పిన్ను మాత్రం ఎప్పుడూ తీసేయకు, ప్రాణానికే ప్రమాదం. తర్వాత గిటార్ మీది పికప్ స్విచ్‌ని 2 లేదా 4లో పెట్టి చూడు. ఇప్పటి మోడళ్లలో చాలావాటికి అక్కడ హమ్ తగ్గుతుంది. అయినా బరువు చాలకపోతే బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గర సింగిల్ కాయిల్ సైజు హంబకర్ వేయించు. చెక్క కోయక్కర్లేదు.