సెకండ్ హ్యాండ్ బండికి ఇంజన్ మార్పులు: బాధ్యత ఎవరిది?

ప్రశ్న: ఒక వ్యక్తి దగ్గర 150 సీసీ మోటార్‌సైకిల్ కొన్నాను. ఇంజన్ అప్‌గ్రేడ్ చేయించానని, వాడినవన్నీ కంపెనీ విడిభాగాలేనని ఆయన వాట్సాప్‌లో రాశారు. సిలిండర్ బ్లాక్, పిస్టన్ పెద్ద సైజువి బయటి తయారీవని, సైలెన్సర్ కూడా కంపెనీది కాదని మెకానిక్ ఇప్పుడు చెబుతున్నాడు. ఆర్‌సీ ఇంకా నా పేరు మీదకు మారలేదు. కేసు నా మీదకు వస్తుందా? బండి తిరిగి ఇచ్చేయవచ్చా?

జవాబు: ముందుగా మీ ఇంజన్‌లో జరిగింది మరమ్మతా, మార్పా అన్నది తేల్చుకోవాలి. అరిగిన సిలిండర్‌ను కంపెనీ అనుమతించిన ఓవర్‌సైజు మేరకు రీబోర్ చేయించడం (లోపలి గోడను కాస్త పెద్దగా తొలిపించడం) మరమ్మతు కిందికే వస్తుందని నా అభిప్రాయం. పెద్ద బోర్ కిట్ (పెద్ద సైజు సిలిండర్ బ్లాక్, పిస్టన్) సంగతి వేరు. ఉదాహరణకు 57 మి.మీ. బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం), 58.6 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఉన్న ఇంజన్ సామర్థ్యం సుమారు 149.5 సీసీ; అదే స్ట్రోక్‌తో బోర్‌ను 62 మి.మీ. చేస్తే అది దాదాపు 177 సీసీ అవుతుంది. ఆర్‌సీలో ఉన్న అంకె ఒకటి, రోడ్డు మీద తిరుగుతున్న ఇంజన్ మరొకటి. తయారీదారు నిర్దేశించిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ చెబుతోంది. సుప్రీంకోర్టు 2019లో ఈ నియమాన్ని గట్టిగానే సమర్థించింది. అందువల్ల ఆర్టీవో కార్యాలయంలో రుసుము కట్టి ఈ మార్పును ఆర్‌సీలో ఎక్కించుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆమోదంతో అదే రకం ఇంజన్‌ను అమర్చుకుని కొత్త ఇంజన్ నంబరు నమోదు చేయించుకోవడం వేరు, సామర్థ్యం పెంచడం వేరు.

అదే చట్టంలోని 182ఎ(4) సెక్షన్ కింద అక్రమ మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మార్పు చేసింది మీరు కాదు కాబట్టి ఆ నేరం సూటిగా మీకు వర్తించదు. అయితే మీరు చేయలేదని చూపే ఆధారం మీ దగ్గర ఉండాలి. సైలెన్సర్ విషయంలో ఆ వెసులుబాటు కూడా లేదు: శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించే బండిని నడిపినవారే 190(2) సెక్షన్ కింద దోషులు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది బీమా. థర్డ్ పార్టీ ప్రీమియం 150 సీసీ దాటితే పై శ్లాబులోకి వెళుతుంది. మీ పాలసీ కింది శ్లాబులో ఉండి, మార్పును బీమా కంపెనీకి తెలపకపోతే సొంత నష్టం క్లెయిమును తిరస్కరించడానికి వారికి బలమైన కారణం దొరికినట్టే. ప్రమాదంలో ఎవరైనా గాయపడితే పరిహారం గురించి మీతోనూ పేచీ పెట్టవచ్చు. కాబట్టి విషయం తేలేవరకు ఈ బండిని దయచేసి రోడ్డెక్కించవద్దు.

ఇక తిరిగి ఇవ్వడం. తప్పుడు మాట నమ్మి చేసుకున్న ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు కాంట్రాక్టు చట్టం, 1872లోని 19వ సెక్షన్ మీకు ఇస్తోంది. మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలుండగా తెలుసుకోలేదని అమ్మినవారు వాదించవచ్చు. కానీ అబద్ధమని తెలిసే ఆ సందేశం రాశారని రుజువైతే ఆ వాదన నిలవదు. ఆయన కేవలం మౌనంగా ఉండి ఉంటే మీ పరిస్థితి ఇంత బలంగా ఉండేది కాదు. వాహనాల అమ్మకమే వ్యాపారంగా ఉన్నవారి దగ్గర కొని ఉంటే వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లే వీలుండేది, దానికి గడువు రెండేళ్లు.

పేరు మార్పు దరఖాస్తు అయిన ఫారం 30 మీద ఇంకా సంతకం చేయకపోతే ఇప్పుడు చేయకండి. మెకానిక్ చేత బోర్, స్ట్రోక్ కొలిపించి, ఇంజన్ నంబరుతో సహా సంతకం చేసిన నివేదిక, ఫోటోలు తీసుకోండి. ఇంజన్‌లోని ఏ భాగాన్నీ ఇప్పుడే మార్చవద్దు, పారేయవద్దు. ఆ వాట్సాప్ సందేశాలున్న ఫోన్‌ను భద్రంగా ఉంచండి. తర్వాత న్యాయవాది ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపించి, సొమ్ము వాపసు ఇవ్వాలని, లేదంటే అసలు సిలిండర్ బ్లాక్, పిస్టన్, సైలెన్సర్ తన ఖర్చుతో తిరిగి బిగించి ఇవ్వాలని పదిహేను రోజుల గడువుతో అడగండి. రెండో దారికి ఆయన ఒప్పుకుంటే, బిగించిన తర్వాత బోర్ మళ్లీ కొలిపించి, అది ఆర్‌సీలోని సామర్థ్యానికి సరిపోయిందని నిర్ధారించుకున్నాకే పేరు మార్పు కాగితాలపై సంతకం పెట్టండి.