నొప్పిని కొలవాలా, వినాలా?

ప్రశ్న: ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో ఏడాది. సిజేరియన్ తర్వాతి నొప్పి మీద థీసిస్. పరిమాణాత్మక పద్ధతి (అంకెలతో కొలిచేది) మంచిదా, గుణాత్మకమా (మాటలు విని అర్థం చేసుకునేది)? పన్నెండు మంది తల్లులతో మాట్లాడి, ఎంత శాతం ఏమన్నారో రాస్తే చాలా?

జవాబు: శాతాలు వద్దండి. ఏరి ఎంచుకున్న పన్నెండు మందిలో శాతానికి అర్థం లేదు. ముందు ప్రశ్న తేల్చుకోండి.

‘పాదాల మర్దనతో నొప్పి ఎంత తగ్గుతుంది?’ అంటే కొలవాలి. 0–10 స్కేలు, లాటరీతో రెండు గుంపులు: ఒకదానికి మర్దన, రెండోదానికి లేదు. ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో) 2, పట్టుకోవాల్సిన తేడా 1.5 అయితే, 5 శాతం ప్రాముఖ్యత స్థాయి (లేని తేడాను ఉందనుకునే అవకాశం), 80 శాతం పవర్‌తో (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) గుంపుకు 28 మంది. మానేసేవారికి 10 శాతం కలిపి 31. నొప్పి తగ్గే ఇంజెక్షన్ ఇచ్చిన అరగంటకు ఒకరినీ, ఆరు గంటలకు మరొకరినీ అడిగితే మీరు కొలిచింది మందును, మర్దనను కాదు. మొదటి తల్లిని చేర్చకముందే ఎథిక్స్ కమిటీ అనుమతి, క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐ నమోదు అయిపోవాలి.

‘ఆ నొప్పితో బిడ్డను ఎలా చూసుకున్నారు?’ అంటే వినాలి. దీనికీ ఎథిక్స్ అనుమతి తప్పదు. కొత్త సంగతులు రావడం ఆగేదాకా ఇంటర్వ్యూలు చేయండి. గంట రికార్డింగు రాసుకోవడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ‘నొప్పి ఎక్కువా?’ అంటే ‘అవును’తో ఆగిపోతారు. ‘రాత్రి బిడ్డ ఏడిస్తే ఎలా లేచారమ్మా?’ అని అడిగి, మౌనంగా ఉండండి. కోడింగ్ (వాళ్ల మాటలను అర్థాలవారీగా గుర్తించి పేర్లు పెట్టడం) తెలుగులోనే చేయండి. సలుపు, పోటు, మంట, ‘కుట్లు లాగుతున్నాయి’... ముందే ఇంగ్లీషులోకి మార్చితే అన్నీ ‘పెయిన్’ అయిపోతాయి.